పాట ఏ వీధిదో తెలియకూడదు

తమ్ముడూ,

పంచాయతీ ఎన్నికల గొడవల మీద పల్నాడు పల్లెల్లో వినిపించాలని నువ్వు రాసిన పాట చదివాను. "హింసను నిర్మూలిద్దాం, శాంతిని స్థాపిద్దాం" అన్న పల్లవి కొట్టెయ్. అది గోడమీద రాత, నోట్లో నిలవదు. రెండో చరణంలో దాచిపెట్టావే, "నా ఓటు నాదే, నీ ఓటు నీదే, కుళాయి కాడ వరస మాత్రం మనిద్దరిదీ" అని, దాన్ని పైకి తీసుకురా. కత్తి మాట ఎత్తకుండానే ఏం పోతుందో అందులో ఉంది. ఖాళీ అయిన చోట అలాంటి నష్టాలే పెట్టు: పక్క వీధికి పోలేని పెళ్లిపత్రిక, బెయిలు కోసం కుదువపెట్టిన గాజులు, కోర్టు వాయిదాకి పోగొట్టుకున్న కూలి. చనిపోయినవాళ్ల పేర్లు వద్దు. ఒక్క పేరు పడిందా, పాట ఆ వర్గానిదైపోతుంది. కేసు నడుస్తుంటే సాక్షులకీ చిక్కే.

గుర్తుల దగ్గర ఒళ్లు దగ్గరపెట్టుకో. పంచాయతీకి పార్టీ గుర్తులుండవు గానీ జనం కళ్లకు ఉంటాయి. "చేయీ చేయీ కలుపు" అంటే కాంగ్రెస్ పాటంటారు. ఉత్త కొడవలి అంటే కమ్యూనిస్టులు ఉలిక్కిపడతారు, వేటకొడవలి అని పూర్తిగా అను. వీడియోలో ఇంకా ప్రమాదం: వెనక తిరిగే ఫ్యాను, గోడకానించిన సైకిలు, టీ పోసిన గాజుగ్లాసు, ముసలమ్మ పసుపు చీర. షూటింగ్ రోజు ఇవి చూడ్డానికే ఒక మనిషిని పెట్టు.

అసలు పేచీ దరువు దగ్గర వస్తుంది. డప్పు నిమిషానికి 140 దెబ్బల మీద లేపుదామంటారు. ఆ వేగంలో ఎంత మంచి చెప్పినా కుర్రాళ్లు ఈలేస్తారు, తొడకొడతారు. మన ఫ్యాక్షన్ సినిమాలు చెవులకు నేర్పింది అదే మరి. 90 దగ్గర, తిస్రంలో, అంటే మూడు దెబ్బల లెక్కలో, ఊయల నడకలో పెట్టు. పల్లవికి ముందు తాళం లేకుండా ఎత్తుకునే సాకీ ఆడగొంతు ఒక్కటే, వాయిద్యం లేకుండా. 15 సెకన్లు దాటనివ్వకు, ఫోన్ మీద వేలు ఆగదు.

మిక్సింగ్ హెడ్‌ఫోన్లో విని సరేననకు. ఊళ్లో వినేది ఆటో మీది హారన్ మైకులో. దానికి బేస్ రాదు, ఒత్తులు ముద్దవుతాయి. "వర్గవైషమ్యం" అంటే అక్కడ ఒక్క ముక్కా అర్థం కాదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు వేయకూడదు. పగలైనా పోలీసుల అనుమతి కాగితం ఆటోలో ఉండాలి.

సినిమా బాణీ అరువు తెస్తే యూట్యూబ్ ఇట్టే పట్టేస్తుంది. తరాలనాటి జానపద వరస వాడుకో, ఇంకొకరి రికార్డింగ్ మాత్రం ముట్టుకోకు. గాయనితో, బాణీ కట్టినవాళ్లతో ముందే ఒక పేజీ ఒప్పందం రాసుకో. ఏ పార్టీ సభకూ పాట ఇవ్వమన్న వాక్యం అందులో ఉండాలి.

విడుదల ఒక్కసారితో తీరదు. 2024 అసెంబ్లీ ఎన్నికల్లో పోలింగ్ మే 13న, లెక్కింపు జూన్ 4న. పల్నాడులో గొడవలు పోలింగ్ రోజుతో ఆగలేదు, ఎన్నికల సంఘం సిట్, అంటే ప్రత్యేక దర్యాప్తు బృందం, వేయించాల్సి వచ్చింది. పంచాయతీకైతే ఆ సాయంత్రమే లెక్కింపు, ఆ వెంటనే ఊరేగింపు. అందుకని పూర్తి పాట నామినేషన్లకు రెండు వారాల ముందు వదులు. 30 సెకన్ల ముక్క ఒకటి వాట్సాప్ కోసం ఫలితం రోజుదాకా దాచు. ఓడినవాడి గుమ్మం ముందు టపాకాయలు కాల్చొద్దని గెలిచినవాడికి చెప్పే చరణం అందులోకి కావాలి. అది నువ్వింకా రాయలేదు. ఆదివారానికి పంపు.