పన్నుల మీద, ఇన్సూరెన్సు మీద వాదించబోయే మా మేనల్లుడికి

ఒరేయ్ నాన్నా,

శనివారం రాత్రి మీ ఇంటి నుంచి వస్తుంటే కార్లో మీ మామయ్య ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చాక నాకూ నిద్ర పట్టలేదు. నువ్వూ మీ చిన్నమామగారూ పన్నుల దగ్గర మొదలెట్టి, ఫుడ్ స్టాంపుల (పేదలకి తిండికి ప్రభుత్వమిచ్చే సాయం) మీదుగా ఒబామాకేర్ (ఒబామా తెచ్చిన ఇన్సూరెన్సు చట్టం) దగ్గరికి చేరేసరికి పులిహోర గిన్నె పెట్టింది పెట్టినట్టే ఉంది, పిల్లలు మెట్ల మీద కూర్చుని బిక్కమొహాలు వేసుకుని చూస్తున్నారు. ఆయన పెరుగన్నం కూడా తినకుండా లేచి వెళ్ళిపోయారు. పెద్దమనిషి మన ఇంట్లో కంచం ముందు నుంచి లేచి వెళ్ళడమంటే ఏంటో నీకు వేరే చెప్పక్కర్లేదు.

వాదించొద్దని చెప్పడానికి రాయడం లేదు. వాదించాలి. ఈ దేశంలో పన్ను కడుతున్నాం, రేపో మాపో నీకు ఓటూ వస్తుంది. అయితే శనివారం మీరిద్దరూ అరుచుకున్నది ఒక విషయం మీద కాదు. ఆయన ఒక పన్ను గురించి చెప్తుంటే నువ్వు ఇంకో పన్ను గురించి జవాబిచ్చావు, ఆయన పేదల ప్రభుత్వ ఇన్సూరెన్సు మెడికెయిడ్ అంటే నువ్వు ముసలివాళ్ళ ఇన్సూరెన్సు మెడికేర్ అన్నావు. మాట ఒకటే, దాని వెనక ఉన్న వస్తువులు నాలుగు. ముందు ఏ వస్తువు గురించో తేల్చుకోకపోతే తెల్లవారేదాకా కూర్చున్నా తెగదు. పద్నాలుగేళ్ళు డాలస్‌లో ఒక హాస్పిటల్ బిల్లింగ్ ఆఫీసులో ఫోన్లెత్తి నేర్చుకున్నది ఇదే. అవతలి మనిషి కోపంగా ఉన్నప్పుడు నేను మొదట అడిగేది, "మీ చేతిలో ఉన్న కాగితం ఏదండీ, పైన ఏం రాసుంది చదవండి" అని. చదవడం మొదలెట్టాక సగం మంది గొంతు తగ్గేది.

పన్ను సంగతే చూడు. బోనస్ తీసుకుంటే 24 శాతం పన్ను బ్రాకెట్లోకి పోతాను, ఉన్నది కూడా ఊడుతుంది, అందుకే వద్దన్నాను అన్నారాయన. నువ్వు నవ్వావు. గొడవ ఆ నవ్వుతో మొదలైంది. ఆయన చెప్పింది తప్పే, కానీ ఆ తప్పు మన వాళ్ళలో నూటికి ఎనభై మందికి ఉంటుందనిపిస్తుంది నాకు, నవ్వితే పోయేది కాదు. కాగితం, పెన్నూ ఆయన చేతికే ఇవ్వు. 2024 లెక్కల్లో భార్యాభర్తలు కలిపి ఫైల్ చేస్తే, డిడక్షన్లు పోను మిగిలిన ఆదాయం 2,01,050 డాలర్లు దాటాకే 24 శాతం, అదీ దాటిన భాగానికి మాత్రమే. వెయ్యి డాలర్లు దాటితే ఆ వెయ్యి మీద 22 శాతం లెక్కన 220కి బదులు 24 శాతం లెక్కన 240 కడతారు. ఇరవై డాలర్లు ఎక్కువ, అంతే. ఆయనే లెక్క వేసుకుంటే ఆయనే చూస్తారు, నువ్వు గెలిచినట్టూ ఉండదు.

నువ్వూ తక్కువేం తినలేదు. "డబ్బున్నోళ్ళు ఈ దేశంలో ఒక్క డాలరు పన్ను కట్టరు" అన్నావు. 2022లో ఫెడరల్ ఇన్‌కమ్ ట్యాక్స్ మొత్తంలో 40 శాతం దాకా కట్టింది పైనున్న ఒక్క శాతం మందే. కింది సగం కలిపి కట్టింది 3 శాతం దగ్గర. ఆయన ఈ లెక్క ఎక్కడో విన్నారు, అందుకే నీ మాటని అక్కణ్ణుంచి చెవికెక్కించుకోలేదు. నిజానికి నీ దగ్గర దానికి మంచి జవాబుంది, నువ్వే ఎత్తలేదు. అది ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్క మాత్రమే. నీ పే స్టబ్ తీసి చూడు, సోషల్ సెక్యూరిటీకి, అంటే ప్రభుత్వ పింఛనుకి, 6.2 శాతం, మెడికేర్‌కి 1.45 శాతం, అంతే మొత్తం కంపెనీ కూడా కడుతుంది. ఈ కోతకి డిడక్షన్లు లేవు, మొదటి డాలరు నుంచే మొదలు. పైగా సోషల్ సెక్యూరిటీ భాగం 2024లో 1,68,600 డాలర్ల జీతం దాకానే. రెస్టారెంట్లో గిన్నెలు కడిగే మనిషి డిసెంబరు 31 దాకా కడుతూనే ఉంటాడు, ఏడాదికి ఐదు లక్షల జీతం ఉన్నవాడికి మే నెల వచ్చేసరికి ఆ కోత ఆగిపోతుంది. ఆపైన కొనే వస్తువు మీద డాలస్‌లో 8.25 శాతం సేల్స్ ట్యాక్స్. టెక్సస్‌లో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదని మనవాళ్ళు మురిసిపోతారు గానీ ఏటా ప్రాపర్టీ ట్యాక్స్ కాగితం వచ్చిన వారం ఏ ఇంట్లోనూ నవ్వు ముఖాలు ఉండవు. కాబట్టి పన్ను అనగానే ఏ పన్ను అని అడుగు, ఆ తర్వాతే మిగతాది.

ఇంకో మాట, ఇది మనవాళ్ళు గట్టిగా అడగాల్సింది, ఎవరూ అడగరు. పదేళ్ళు నిండకుండా ఇండియాకి తిరిగి వెళ్ళిపోయిన పిల్లలు కట్టిన సోషల్ సెక్యూరిటీ డబ్బు అలాగే పోతుంది. నలభై క్రెడిట్లు, అంటే పదేళ్ళ కోత, ఉంటేనే పింఛను. చాలా దేశాలతో అమెరికాకి దీనిమీద ఒప్పందం ఉంది, ఇండియాతో లేదు. హెచ్-1బీ మీద ఏడెనిమిదేళ్ళు కట్టి, గ్రీన్‌కార్డు రాక వెళ్ళిపోయిన వాళ్ళు మన చుట్టూ ఎంతమంది లేరు? ఈ విషయంలో నువ్వూ ఆయనా ఒకే వైపు. అది మొదట మాట్లాడుకుని ఉంటే మిగతా సాయంత్రం వేరేలా నడిచేది.

వెల్ఫేర్ గురించి. ఆయన "మన పన్నులన్నీ ఫుడ్ స్టాంపులకే పోతున్నాయి" అన్నారు కదా. 2024లో ఫెడరల్ ప్రభుత్వం ఖర్చు పెట్టిన ప్రతి వంద డాలర్లలో 22 దాకా సోషల్ సెక్యూరిటీకి పోయాయి, మెడికేర్‌కి, అప్పుల మీద వడ్డీకి, రక్షణకి తలా 13 దగ్గర. ఫుడ్ స్టాంపులకి ఒకటిన్నర. పెద్ద ఖర్చంతా ముసలివాళ్ళది, వడ్డీది. ఇమిగ్రెంట్లు వచ్చి తినేస్తున్నారంటారు, 1996లో క్లింటన్ సంతకం పెట్టిన చట్టం నుంచి గ్రీన్‌కార్డు ఉన్న పెద్దవాళ్ళకి కూడా మామూలుగా మొదటి ఐదేళ్ళు ఫుడ్ స్టాంపులు లేవు. ఇవి చెప్పు. అయితే ఆయన భయంలో నిజం ఉన్న చోటు కూడా ఒప్పుకో. బ్రాకెట్ దాటితే ఉన్నది ఊడదు గానీ, మెడికెయిడ్‌లాంటి వాటిలో ఆదాయం గీత దాటితే నిజంగానే ఊడుతుంది. గంటకి ఒక డాలరు పెంచుతామన్నా, ఓవర్‌టైమ్ ఇస్తామన్నా వద్దనుకున్న ఆడవాళ్ళు నాతో ఫోన్లో ఏడ్చారు. వాళ్ళది సోమరితనం కాదు, కాగితం అలా రాసి ఉంది.

కిరాణా షాపులో ఒకసారి నా ముందు నిలబడ్డ అమ్మాయిని నేను మర్చిపోలేను. చంకలో పిల్ల, చేతిలో ఫుడ్ స్టాంపుల ఈబీటీ కార్డు, ట్రాలీలో వేడి వేడి రోస్ట్ చికెన్. కౌంటరు మనిషి మెల్లిగా చెప్పింది, వేడిది ఈ కార్డు మీద రాదమ్మా, చల్లగా ప్యాక్ చేసింది ఫ్రిజ్‌లో ఉంటుంది, అది వస్తుంది అని. అదే కోడి. ఆ అమ్మాయి దాన్ని పక్కన పెట్టి, వెనక ఉన్న మా అందరి ముఖాలూ చూడకుండా వెళ్ళి చల్లటిది తెచ్చుకుంది. నేను అప్పటిదాకా "ఫ్రీగా తింటున్నారు" అని అందరితో పాటు అన్నదాన్నే.

ఆ మాట అనడం మానేసింది అక్కడ కూడా కాదు. 2009 మార్చిలో మీ మామయ్య ఉద్యోగం పోయింది. అప్పటికి నేను ఇంట్లోనే ఉన్నా, మీ వదినకి ఆస్తమా, నెలనెలా ఇన్‌హేలర్ కావాలి. రెండో వారంలో కోబ్రా కాగితం వచ్చింది, పాత ఇన్సూరెన్సే ఉంచుకోవాలంటే నెలకి 1,140 డాలర్లు. బయట కొందామంటే ఆ రోజుల్లో టెక్సస్‌లో ఆస్తమా ఉందంటే కంపెనీ కాదనొచ్చు, మమ్మల్ని కాదంది కూడా. ఫిబ్రవరిలోనే ఒబామా సంతకం పెట్టిన ఆ పెద్ద ఆర్థిక ఉద్దీపన చట్టంలో, ఉద్యోగం పోయినవాళ్ళ కోబ్రాలో 65 శాతం ప్రభుత్వం భరిస్తుందని ఒక నిబంధన ఉంది. అది ఉండబట్టి మేం కట్టింది 399. ఎనిమిది నెలలు అలా గడిచాయి. అది వెల్ఫేర్ కాదా? మా వీధిలో ఎవరికీ చెప్పలేదు మేము, మీ నాన్నకి కూడా చెప్పలేదు. ఆ దెబ్బకే నేను బిల్లింగ్ కోర్సు చేసి ఉద్యోగంలో చేరాను.

శనివారం మీరు అరుచుకుంటుంటే ఆ గదిలో ఇరవై మంది ఉన్నారు. వాళ్ళలో ఎవరి పిల్లలు ప్రభుత్వ ఇన్సూరెన్సు మీద ఉన్నారో, ఎవరి ఉద్యోగం పోయి రెండు నెలలైందో నీకు తెలుసా? మనవాళ్ళు చెప్పుకోరు, సమోసా తింటూ నవ్వుతూ కూర్చుంటారు. సాయం తీసుకునే మనిషి ఆ గదిలోనే ఉన్నాడనుకుని మాట్లాడు.

ఇన్సూరెన్సు దగ్గరే నా అసలు బాధ. ఆయన "హాస్పిటల్ ఎవర్నీ కాదనదు, చట్టం ఉంది" అన్నారు. 1986లో రీగన్ కాలంలో వచ్చిన చట్టం అది, నిజమే. కానీ అందులో ఉన్నదేంటి? ఎమర్జెన్సీకి వచ్చిన మనిషిని చూడాలి, ప్రమాదం లేని స్థితికి తేవాలి. ఆ తర్వాత బిల్లు పంపుతారు. గడ్డ పగిలి రక్తం పోతుంటే ఆపుతారు, ఆ గడ్డ క్యాన్సరైతే కీమో ఇమ్మని ఆ చట్టం చెప్పదు. ఆ తేడా నేను రోజూ బిల్లుల మీద టైపు చేశాను. టెక్సస్‌లో పిల్లలు లేని, వైకల్యం లేని పెద్దవాళ్ళకి ఎంత పేదరికమున్నా మామూలుగా మెడికెయిడ్ లేదు. ఒబామాకేర్ కింద మెడికెయిడ్‌ని అలాంటివాళ్ళకీ విస్తరించడం రాష్ట్రాల ఇష్టమని 2012లో సుప్రీంకోర్టు అంది, టెక్సస్ వద్దంది. పేదరిక రేఖకి కింద ఉంటే ఒబామాకేర్ సబ్సిడీ కూడా మామూలుగా రాదు. అంటే కొంచెం సంపాదిస్తే సాయం ఉంటుంది, మరీ తక్కువైతే ఏదీ లేదు. ఇది చెప్తే ఆయన నమ్మరు, ఎవరూ మొదట నమ్మరు, అందుకని నెమ్మదిగా చెప్పు.

బిల్లు ఎలా ఉంటుందో తెలియకుండా దీనిమీద మాట్లాడొద్దు. నీ ఇంట్లోనే ఉంటుంది, ఇన్సూరెన్సు నుంచి వచ్చే "ఇది బిల్లు కాదు" అని రాసిన కాగితం, తెరవకుండా డ్రాయర్లో పడేస్తావు కదా, అది. ఒక అపెండిక్స్ ఆపరేషన్ కాగితం నాకింకా గుర్తు. మొదటి గడిలో హాస్పిటల్ వేసిన ధర 38,000. రెండో గడిలో ఇన్సూరెన్సుతో ఒప్పందం ప్రకారం ఒప్పుకున్న ధర 11,400. మూడో గడిలో మనిషి కట్టేది 2,900. ఇన్సూరెన్సు లేనివాడికి మొదట వెళ్ళేది ఆ మొదటి గడి. లాభాపేక్ష లేని హాస్పిటల్స్‌కి పేదలకి తగ్గించే పద్ధతి ఉండాలని చట్టం ఉంది, ఫారం అడిగితే ఇస్తారు, అడగాలని తెలిసిన వాళ్ళే తక్కువ. నువ్వు ఎవర్నైనా ఒప్పించాలంటే కెనడా, ఇంగ్లండ్ అంటూ దేశాలు తిరగొద్దు, ఆ మూడు గడులు చూపించి "ఇందులో అసలు ధర ఏదండీ?" అని అడుగు.

నీ ఉద్యోగ ఇన్సూరెన్సు నీ కష్టార్జితం అన్నట్టు మాట్లాడావు. 2024లో కంపెనీల ఫ్యామిలీ ప్లాన్ సగటున 25,500 డాలర్లు, ఉద్యోగి జేబులోంచి పోయేది 6,300 దాకా, మిగతాది కంపెనీ కడుతుంది, దానిమీద నీకు పన్ను లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో జీతాలు పెంచొద్దని ప్రభుత్వం కట్టడి చేస్తే కంపెనీలు ఇన్సూరెన్సు ఇవ్వడం మొదలెట్టాయి, 1954లో దానికి పన్ను మినహాయింపు చట్టంలోకెక్కింది. ఆ పన్ను మినహాయింపు కూడా ఖజానా వదులుకుంటున్న డబ్బే. ఈ మాట నీ వైపు నుంచి నువ్వే ముందు ఒప్పుకుంటే, ఆయన తన వైపు నుంచి ఒకటి ఒప్పుకుంటారు.

ఒకటి మాత్రం చెయ్యొద్దు. ఆయన అన్నగారికి గుంటూరులో స్టెంట్ వేసింది ఆరోగ్యశ్రీ కార్డు మీద, మీ ఆవిడ నీకు చెప్పే ఉంటుంది. "మీ ఇంట్లో తీసుకోలేదా" అని పదిమందిలో అనడానికి నోటిదాకా వచ్చి ఆగావు, నేను చూశాను. ఆగావు కాబట్టే ఈ ఉత్తరం. దాన్ని కత్తిలా వాడకు. ఎప్పుడైనా ఇద్దరే ఉన్నప్పుడు "అన్నగారి ఆపరేషన్ అప్పుడు ఎలా గడిచిందండీ" అని అడుగు. 2007కి ముందు అలాంటి జబ్బొస్తే మన ఊళ్ళల్లో పొలం అమ్మేవాళ్ళు. ఆయన అది కళ్ళారా చూసినవారు, ఆయన నోటితోనే వినాలి నువ్వు.

ఇక అసలు పని. వచ్చే మార్చికి ఆయనకి 65 నిండుతాయి. మెడికేర్‌లో చేరడానికి ఏడు నెలల గడువుంటుంది, పుట్టిన నెలకి ముందు మూడు, ఆ నెల, తర్వాత మూడు. ఉద్యోగం మీద ఇన్సూరెన్సు ఉంటే ఆగొచ్చు, ఆయన చేసేది చిన్న కంపెనీ, ఇరవై మంది కన్నా తక్కువైతే ఆగకూడదు. ఉద్యోగ ఇన్సూరెన్సు కూడా లేకుండా ఆలస్యమైతే పార్ట్ బి (మెడికేర్‌లో డాక్టరు ఖర్చుల భాగం) ప్రీమియం మీద నిండిన ప్రతి ఏడాదికి 10 శాతం చొప్పున జరిమానా పడుతుంది, అది బతికున్నంత కాలం. ఆ కవర్లు వచ్చి టీవీ కింద పడున్నాయని మీ చిన్నత్తగారు నాతో వంటింట్లో అన్నారు, ఆయనకి ఆ ఇంగ్లీషు అర్థం కావడం లేదట, ఎవర్నీ అడగరట. ఆదివారం పొద్దున్నే వెళ్ళు, అమ్మాయిని కూడా తీసుకెళ్ళు, శనివారం సంగతి ఎత్తకు. కాఫీ తాగి, "కవర్లు వచ్చాయటగా, చూద్దామా" అని కూర్చో. అర్థం కానిది ఉంటే నాకు ఫోన్ చెయ్యి, పదకొండు దాటితే నేను ఇంట్లోనే ఉంటా.

మీ అత్త