మా మిద్దె స్లాబు ఎట్లయింది?

ఇంటి పన్ను ఒక్కసారిగా పెంచి నోటీసు ఇచ్చారు, మళ్లీ లెక్క చూడమని రివిజన్ పిటిషన్ పెడితే తగ్గుతుందా, లాయర్‌ను పెట్టుకోవాలా అని అడిగారు. వివరాలు తప్పు రాసుంటే తగ్గుతుంది. లాయర్ అక్కర్లేదు. కానీ ముందు ఇంట్లో పెద్దవాళ్లను పక్కకు పిలిచి, కొలతలకు వచ్చినవాళ్లకు ఏం చెప్పారో అడగండి. మా కథ అక్కడే చెడింది.

నేను కర్నూల్లో ఉంటాను. సొంతిల్లు బస్సులో గంటన్నర దూరంలో, ఒక చిన్న మున్సిపాలిటీలో ఉంది. ఊరి పేరు చెప్పను, మళ్లీ ఆ ఆఫీసుకే పోవాలి కదా. మా తాత కట్టిన మట్టి మిద్దె అది. దూలాలు, వాటి మీద దంతెలు అనే సన్న కర్రలు, పైన సౌడు మన్ను, నడింట్లో వెలుతురుకు కప్పులో గవాచి అనే కంత. వానలకు ముందు సౌడు పోయించకపోతే ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ కురిసే చోట్ల పెట్టుకుంటూ తిరగాలి. ముందర మాత్రం మా నాయన సిమెంటు పూయించి, పిట్టగోడ లేపి, రంగు కొట్టించాడు. వీధిలోంచి చూస్తే ఎవరైనా స్లాబే అనుకుంటారు.

2022లో వెనక బాత్‌రూమ్ కట్టుకున్నాం. కొలతలు తీసుకోవడానికి వార్డు సచివాలయం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. టేపు పట్టింది, అంతా రాసుకుంది, చివర్లో "పెద్దాయనా, పైకప్పు ఏంది?" అని అడిగిందట. మా నాయన "స్లాబే పాపా" అన్నాడు. ఆమె అదే రాసుకుని పోయింది. ఇంటాయన నోటితోనే చెప్తుంటే పైకెక్కి చూడాలని ఎవరికి తోస్తుంది?

ఆరు నెలలకు 640 కట్టే ఇంటికి 2,180 వచ్చింది. "ఎందుకట్ల చెప్పినావు నాయనా?" అని ఫోన్‌లో అరిచాను. "కొడుకు కర్నూల్లో ఉద్యోగం చేస్తాండాడు. ఇంకా మట్టి మిద్దెలోనే ఉండామని ఆ పాపకు ఎట్ల చెప్పేది?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇల్లు కడతానని పదేళ్లుగా చెప్తున్నది నేనే.

పిటిషన్ ఇవ్వడానికి పోతే నా ముందున్న నలుగురూ ఒకటే రాసుకొచ్చారు: మేము పేదవాళ్లం, మా ఇంటికి వెయ్యి రూపాయల అద్దె కూడా రాదు, దయతో తగ్గించండి. అద్దె మాట 2021 మార్చితో పోయింది. అంతవరకు వార్షిక అద్దె విలువ మీద వేసేవాళ్లు. ఆ ఏప్రిల్ నుంచి మూలధన విలువ, అంటే రిజిస్ట్రేషన్ లెక్కల ప్రకారం స్థలానికి, కట్టడానికి కలిపి వచ్చే విలువ. నివాసానికైతే అందులో 0.10 నుంచి 0.50 శాతం లోపల పన్ను. ఆ శాతం గురించి గుమాస్తాతో కొట్లాడితే మీ గొంతే పోతుంది, అది ఆయన చేతిలో లేదు. ఏడాదికి 15 శాతం కంటే పెంచకూడదు కదా అని నేనూ పేపర్ కటింగ్ తీసుకుపోయాను. కొత్తగా కట్టినప్పుడు, వివరాలు మారినప్పుడు ఆ లెక్క వేరు అన్నాడు. మీ చేతిలో ఉన్నవి మూడే: విస్తీర్ణం, కప్పు రకం, ఇల్లు దేనికి వాడుతున్నారన్నది. అందులో ఏది తప్పో ఆ ఒక్కటే రాయండి. నేను నాలుగే వాక్యాలు రాశాను.

పాత రసీదులుంటే పని ఇంకా సులువయ్యేది. మావి 2009 అక్టోబర్ వరదలో కర్నూలు పాతబస్తీలో నా అద్దె ఇంటితో పాటు మునిగిపోయాయి. కాబట్టి ఫొటోలు పెట్టాను. ఫొటోలకు విలువ లేదు, మనిషి వచ్చి చూడాల్సిందే అన్నారు. ఆ మనిషి రావడానికి నలభై రోజులు పట్టింది. ఈలోపు కట్టకపోతే నెలకు 2 శాతం వడ్డీ. ఏప్రిల్ 30 లోపు ఏడాదిది మొత్తం కట్టేవాడికి 5 శాతం రాయితీ ఇస్తారు సరే, ఏళ్ల తరబడి ఎగ్గొట్టినవాడికి ఏదో ఒక మార్చిలో వడ్డీ మాఫీ వస్తుంది. నాలాంటివాడికి కడుపు మండదా? పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కూడా. మా ఊరి లైబ్రరీలో పేపరు చదవాలంటే నిలబడే చదవాలి.

ఆ మనిషి, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ (ఆర్ఐ), వచ్చిన రోజు మా నాయన పొద్దున్నే వెళ్లి రామాలయం అరుగు మీద కూర్చున్నాడు. ఆర్ఐ వీధిలోనే ఆగి "స్లాబే కదా?" అన్నాడు. నడింట్లోకి తీసుకుపోయాను. గవాచిలోంచి ఎండ బేతంచెర్ల బండల మీద పడుతోంది. ఆయన తలెత్తి దంతెలు చూశాడు. అయినా అనుమానమే, నిచ్చెన అడిగాడు. పైన మోకాలెత్తు గడ్డి. "గడ్డి మొలిచిన స్లాబు నేనూ చూడలేదులే" అని నవ్వుతూ దిగాడు. పక్కింటి అక్క గోడ మీద నుంచి తొంగి చూసి "అబ్బీ, మీది స్లాబు కాదా?" అంది. మా నాయన పారిపోయింది ఈ మాటకే.

910కి తగ్గింది. బాత్‌రూమ్ కలిసింది కాబట్టి 640 ఎటూ రాదు, అది న్యాయమే.

ఇంకొకటి. తగ్గించాం పోండి అంటే లేచి రావద్దు, ఆర్డర్ నకలు చేతికి వచ్చేదాకా కుర్చీలోనే కూర్చోండి. ఆ తర్వాతి అక్టోబర్‌లో మాకు మళ్లీ 2,180కే బిల్లు వచ్చింది, నకలు చూపిస్తేనే సరిచేశారు. "కప్పు: మట్టి మిద్దె" అని దాంట్లో పెద్దక్షరాలతో ఉంది. మా నాయన దాన్ని ట్రంకుపెట్టెలో, పట్టుపంచెల కింద దాచిపెట్టాడు, ఇంటికొచ్చినవాళ్ల కంట పడకుండా.