బెంగళూరు నుంచి గోవాకు: డబోలిమా, మోపానా?

టికెట్ వెతికితే గోవాకు డబోలిం, మోపా అని రెండు విమానాశ్రయాలు చూపిస్తోంది, ఏది తీసుకోవాలని అడిగారు. ముందు బస ఎక్కడో తేల్చుకోండి. కొల్వా, బెనాలిం, పాలోలెం వంటి దక్షిణ తీరమైతే డబోలిం (కోడ్ జీఓఐ). అరంబోల్, మోర్జిం వంటి ఉత్తర తీరం వైపైతే మోపా (జీఓఎక్స్), 2023 జనవరిలో మొదలైంది. పణజికైతే పెద్ద తేడా లేదు, ఏది చౌకైతే అది.

డబోలిం నిజానికి నౌకాదళ స్థావరం, ఐఎన్ఎస్ హంస. పనిదినాల్లో ఉదయం కొన్ని గంటలు రన్‌వే నేవీ శిక్షణకే పోతుంది. అందుకే ఆ వేళల్లో పౌర విమానాలు దొరకడం కష్టం. రన్‌వే పక్క ఫొటోలు తీయొద్దు.

ఎక్కువమంది బోల్తాపడేది తిరుగు టికెట్ దగ్గర. దిగింది డబోలింలో, బుక్ చేసింది మోపా నుంచి! రెంటి మధ్య దాదాపు 60 కి.మీ. కోడ్ చూడకుండా డబ్బు కట్టకండి. బెంగళూరులో టెర్మినల్ 1, 2 కూడా అంతే, టికెట్ మీద చూసుకోవాలి.

దిగాక ప్రీపెయిడ్ ట్యాక్సీ గానీ గోవామైల్స్ ట్యాక్సీ యాప్ గానీ వాడండి. మోపా నుంచి కదంబ (గోవా ప్రభుత్వ) బస్సులూ ఉన్నాయి.

సీజన్ అక్టోబరు నుంచి. జూన్–సెప్టెంబరులో టికెట్లు చౌకే, కానీ బీచ్ షాక్‌లు (తీరంలో వేసే తాత్కాలిక పాక హోటళ్లు) ఎత్తేస్తారు, సముద్రంలో దిగనివ్వరు. కుండపోత ఉంటే విమానం వేరే ఊరికి మళ్లొచ్చు. మర్నాడు ఆఫీసు పెట్టుకోకండి.