ఉప్పెన చూసిన ఇంట్లో పసిబిడ్డ భయం

ఉప్పెన చూసిన మీ అత్తగారు మబ్బు పట్టగానే తలుపులు బిగించి కూర్చుంటున్నారని, ఆమెను చూసి మీ నాలుగేళ్ల పాప కూడా వానకు వణుకుతోందని, ఇద్దరినీ కొంతకాలం వేరుగా ఉంచాలా అని అడిగారు. వేరు చేయవద్దనే నేను చెబుతాను.

మాది దివిసీమలో నాగాయలంక దగ్గరి పల్లె. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు మా అమ్మమ్మ ఆరేళ్ల మా అమ్మను చీరకొంగుతో నడుముకు కట్టుకుని తుమ్మచెట్టును పట్టుకుంది. అలా అమ్మ బతికింది. మగపిల్లలిద్దరూ చేతుల్లోంచి జారిపోయారు. పదివేలకు పైబడిన ఆనాటి మృతుల్లో నా మేనమామలూ ఉన్నారని నాకు పెళ్లయ్యేవరకు ఎవరూ చెప్పలేదు. నాకు తెలిసిందల్లా, ఈదురుగాలి వీచిన రాత్రి అమ్మ తన కొంగు చివరను నా మణికట్టుకు ముడివేసి పడుకోవడమే. ముడి ఎందుకో తెలియకపోయినా భయం మాత్రం నాకు అంటుకుంది. నా కొడుకు పుట్టాక వాన రాత్రుల్లో వాడి చెయ్యి వదలలేక నేనూ మేలుకునేదాన్ని.

పసిపిల్లలు మన మాటకంటే ముందు మన ముఖాన్ని, చేతి పట్టును, గొంతులోని మార్పును కనిపెడతారు. "ఏం కాదులే" అని మీరు ఎన్నిసార్లు చెప్పినా, పక్కనున్న నాయనమ్మ చేతులు వణుకుతుంటే పాప ఆ చేతులనే నమ్ముతుంది. అందుకే ముందుగా ఊరట కావలసింది పెద్దావిడకు. ఒక నవంబరు 19న నేను అమ్మమ్మ పక్కన కూర్చుని ఆ పిల్లల పేర్లు అడిగాను. చాలాసేపటికి పేర్లు చెప్పి, చిన్నవాడు బెల్లం కోసం మారాం చేసేవాడని చెప్పి ఊరుకుంది. నేనూ అక్కడితో ఆగాను. బలవంతపెట్టి చెప్పిస్తే మానని పుండును కెలికినట్టే అవుతుంది. "ఇంకా ఆ పాత సంగతులేమిటి" అని కసరడం అంతకంటే చెడ్డది. ఆ భయమే ఒకనాడు మా అమ్మను బతికించింది.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందురోజు, టార్చిలైటు, మంచినీళ్ల సీసా సంచిలో సర్దే పనిని ఐదేళ్ల మా అబ్బాయికి మా అమ్మమ్మే అప్పగించింది. "మాకు అప్పుడు చెప్పినవాళ్లు లేరయ్యా, ఇప్పుడు ముందే చెబుతున్నారు, అందుకే ముందే వెళుతున్నాం" అని వాడికి అర్థమయ్యేలా చెప్పింది. ఆ రాత్రి పునరావాస కేంద్రంలో గాలి పెరిగినప్పుడు అమ్మ అలవాటుగా కొంగు అందుకుంది గానీ ముడి వేయలేదు. వాడి చెయ్యి పట్టుకుని కూర్చుంది. వాడు నిద్రపోయాడు.

పాప వారాల తరబడి సరిగా నిద్రపోకపోయినా, తిండి మానేసినా పిల్లల వైద్యుడికి చూపించండి. మీ అత్తగారి కోసం ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను సేవ టెలిమానస్ నంబరు 14416 ఉంది. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఫోను ఆమె చేతికిచ్చి వెళ్లిపోకుండా, మాట్లాడినంతసేపూ మీరు పక్కనే కూర్చోండి.