టెక్ సందేహాలు: 8 కేజీల మిషన్‌కి నలుగురు మనుషులా?

ప్రశ్న: విజయవాడలో గ్రౌండ్ ఫ్లోర్ నుంచి, పక్క వీధిలోనే మూడో అంతస్తుకు మారుతున్నాం. దాని పైన ఇక డాబానే. లిఫ్టు లేదు. మాది 8 కేజీల ఫ్రంట్ లోడ్ వాషింగ్ మిషన్. సామాను మోసేవాళ్లు దానికోసం విడిగా నలుగురు కావాలంటున్నారు. 8 కేజీలకి నలుగురా? మా వారూ, మా తమ్ముడూ ఎక్కించలేరా?

జవాబు: ఆ 8 కేజీలు మిషన్ బరువు కాదండీ, అందులో పట్టే పొడి బట్టల బరువు. మిషన్ సుమారు 65 నుంచి 75 కేజీలు తూగుతుంది. పాతిక కేజీల బియ్యం సంచులు మూడు కలిపి కట్టి, చేతికి పట్టు దొరక్కుండా పైన నున్నటి రేకు తొడిగారనుకోండి, అదీ సంగతి. వాళ్లు మిమ్మల్ని మోసం చేయడం లేదు.

ఇంత బరువు ఎందుకంటే లోపల కాంక్రీటు దిమ్మ ఉంటుంది. నిజంగానే కాంక్రీటు. పిండేటప్పుడు డ్రమ్ము నిమిషానికి 1200, 1400 సార్లు తిరుగుతుంది. తడి దుప్పటి ఒక పక్కకి చేరితే మిషన్ ఎగిరిపడకుండా ఆపేది ఆ దిమ్మే. 2017లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ ట్రెంట్ విశ్వవిద్యాలయం వాళ్లు, ఆ పాతిక కేజీల కాంక్రీటు బదులు ఖాళీ డబ్బా బిగించి, మిషన్ ఇంటికి చేరాక నీళ్లు నింపుకుంటే మూడో వంతు బరువు తగ్గుతుందని చూపించారు. మంచి ఆలోచనే. మీ మెట్లు ఎక్కాల్సింది మాత్రం దిమ్మతోనే.

అయితే నా బెంగ బరువు గురించి కాదు, డ్రమ్ము గురించి. డ్రమ్ము ఉండే తొట్టి పైన స్ప్రింగులకు వేలాడుతుంది, కింద షాక్ అబ్జార్బర్ల మీద ఆనుతుంది. మెట్ల మీద మిషన్ వంగినప్పుడల్లా కాంక్రీటుతో సహా ఆ తొట్టి ఊగి రేకుకు కొట్టుకుంటుంది. అలా కాకుండా కంపెనీ నుంచి వచ్చేటప్పుడు వెనక వైపు మూడో నాలుగో పొడవాటి బోల్టులు బిగించి పంపుతారు. వాటినే ట్రాన్సిట్ బోల్టులంటారు. మొదటి రోజు మెకానిక్ వాటిని తీసి, రంధ్రాలకు ప్లాస్టిక్ మూతలు పెట్టి, బోల్టులు మీ చేతిలో పెట్టే ఉంటాడు. ఇక అవి ఎక్కడున్నాయో వెతకండి. నావి పోయిన సారి ఇల్లు మారేటప్పుడు దొరకలేదు. రెండంతస్తులే కదా అని అలాగే ఎక్కించాం. మొదటి ఉతుకుకే లోపల రోకలితో దంచుతున్న చప్పుడు. ఒక షాక్ అబ్జార్బర్ వంగిపోయింది. ఆ బోల్టులు తర్వాత దీపావళి ప్రమిదల డబ్బాలో కనిపించాయి.

దొరక్కపోతే మోడల్ నంబరు చెప్పి సర్వీస్ సెంటర్లో అడగండి. హార్డ్‌వేర్ షాపు బోల్టుతో సరిపెట్టుకోవద్దు. వాటికుండే రబ్బరు తొడుగే అసలు పని చేసేది. టైమ్ లేకపోతే పై మూత స్క్రూలు విప్పించి, తొట్టికీ రేకుకీ మధ్య పాత దిండ్లు, ఫోమ్ గట్టిగా కుక్కండి. ఏమీ లేనిదానికన్నా నయం. పైకి చేరాక బోల్టులైనా దిండ్లైనా మర్చిపోకుండా తీసేయాలి. బోల్టులతోనే ఆన్ చేస్తే మిషన్ బాల్కనీలోంచి హాల్లోకి నడిచొస్తుంది.

కదిలించే ముందు ప్లగ్గు తీసి, కుళాయి కట్టేసి, కింద మూలన ఉన్న చిన్న తలుపు తెరిచి ఫిల్టరు విప్పండి. లీటరో రెండో మురికి నీళ్లు వస్తాయి. అవి మెట్ల మీద కారితే మోసేవాళ్ల కాలు జారుతుంది.

మోయడానికి ఇద్దరు చాలరు. వెడల్పాటి నవారు పట్టీలు అడుగు నుంచి వేసి పట్టాలి. గుండ్రటి తలుపు, సబ్బు పొడి అర, పై మూత పట్టుకుని ఎత్తకూడదు. మెట్ల మీద కిందనున్న వాళ్ల మీదే ఎక్కువ బరువు పడుతుంది. గట్టివాళ్లు అక్కడుండాలి, వాళ్ల వెనక పిల్లలెవరూ ఉండకూడదు. మిషన్ వెడల్పు దాదాపు 60 సెంటీమీటర్లు, మెట్లు 3 అడుగులున్నా సరిపోతుంది. చిక్కంతా మలుపు దగ్గరే, అక్కడ టేపు పెట్టి చూసుకోండి. బాల్కనీ పిట్టగోడ మీంచి తాడేసి లాగుదామని ఎవరైనా అంటే వద్దనండి. ఆ గోడ అంత బరువు కోసం కట్టింది కాదు.

ఇంకో మాట, మీరు అడగనిది. కింది ఇంట్లో లేని సమస్య పైన రావచ్చు: నీళ్ల ప్రెజర్. ట్యాంకు మీ నెత్తి మీదే ఉంటుంది కాబట్టి నీళ్లు దూకుతూ వస్తాయనుకుంటాం. జరిగేది తలకిందులు. ట్యాంకుకీ కుళాయికీ మధ్య 10 మీటర్ల ఎత్తుంటే 1 బార్ ప్రెజర్. మీ టాప్ ఫ్లోర్లో ఆ తేడా 3 మీటర్లకు మించదు, అంటే 0.3 బార్. కొన్ని మిషన్లకు అది చాలు, కొన్ని 0.5 అడుగుతాయి, 1 బార్ కావాలనేవీ ఉన్నాయి. మాన్యువల్లో చూడండి. చాలకపోతే నీళ్లు రావట్లేదని మిషన్ ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. మెకానిక్‌ని పిలిచేలోపు నీళ్ల పైపు మొదట్లో ఉండే జల్లెడ కడిగి చూడండి. అప్పటికీ రాకపోతే చిన్న ప్రెజర్ పంపు పెట్టించడమే. అలాగే పైన 16 ఆంప్స్ ప్లగ్ పాయింట్ ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. వేడి నీళ్ల హీటరే 2000 వాట్ల దాకా లాగుతుంది, ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద నడపొద్దు. నాలుగు కాళ్లూ సమంగా ఆనాయో లేదో ఫోన్ యాప్ చెబుతుంది గానీ, కెమెరా ఉబ్బు వల్ల తప్పు చూపొచ్చు. మేస్త్రీ రసమట్టం నమ్మకం.

ప్రశ్న: ఐదో అంతస్తుకు మారుతున్నాం. బరువుకి పాడవుతుందని లిఫ్టులో ఫ్రిజ్ పెట్టనివ్వట్లేదు. మెట్ల మీద పడుకోబెట్టి తీసుకెళ్లొచ్చా?

జవాబు: లిఫ్టులో పలక చదవండి. ఆరుగురి లిఫ్టయితే 408 కేజీలని ఉంటుంది, మనిషికి 68 లెక్క. 300 లీటర్ల డబుల్ డోర్ ఫ్రిజ్ 60 కేజీల చుట్టూ ఉంటుంది, పక్కన ఇద్దరు నిలబడ్డా సగం దాటదు. వాళ్ల అసలు భయం గీతలు పడతాయని, తలుపుకి ఇటుక అడ్డం పెడతారని అయ్యుంటుంది. గోడలకి దుప్పట్లు కడతామని చెప్పి చూడండి. మెట్లే గతి అయితే కాస్త వంచండి, పడుకోబెట్టొద్దు. కంప్రెసర్‌లోని ఆయిల్ గొట్టాల్లోకి పారుతుంది. తప్పక పడుకోబెడితే నిలబెట్టాక కొన్ని గంటలు ఆగి ఆన్ చేయండి, చాలాసేపు అలాగే ఉంచితే ఒక రోజు. ఆ పూటకి పాలూ పెరుగూ పక్కింటి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, కొత్త చోట పరిచయానికి అదో వంక.