నల్లగొండలో బండి లేకుండా బతకాలంటే: 7,000 లోపు కిరాయి ఇల్లు ఎక్కడ, ఏం చూసి తీసుకోవాలి?

బండి లేదు, బడికి పోయే పాప ఉంది, డ్యూటీ క్లాక్ టవర్ దగ్గర హాస్పిటల్‌లో, కిరాయి 7,000 దాటొద్దు, ఏ ఏరియా చూడాలి అని అడిగారు. ప్రకాశం బజార్, రామగిరి వైపు పాత గల్లీలతో మొదలుపెట్టండి. అక్కడ ఇళ్లు పాతవి, గదులు చిన్నవి, బండి పెట్టే జాగా ఉండదు. బండ్లున్నోళ్లు అందుకే వద్దనుకుని హైదరాబాద్ రోడ్డు, దేవరకొండ రోడ్డు వెంబడి కొత్త కాలనీలకు పోతారు. మీకు బండే లేదు కాబట్టి ఆ లోటు మీకు లోటు కాదు, కిరాయి బేరమాడేటప్పుడు ఆ మాటే ముందు చెప్పండి. దూరం కాలనీలో వెయ్యి తక్కువకు దొరికిందనుకోండి, ఆటోకు పోనురాను రోజుకు 40 అయినా 26 డ్యూటీలకు 1,040 అవుతుంది.

ఈ గల్లీల్లో పోర్షన్లు ఆన్‌లైన్‌కు రావడం తక్కువ. కిరాణం కొట్టులో, ఇస్త్రీ బండి దగ్గర, పాలు పోసేవాళ్లను అడగండి. టులెట్ బోర్డు కట్టకముందే వాళ్లకు తెలుస్తుంది. ఇల్లు చూడకుండా ఫోన్‌లో అడ్వాన్స్ అడిగితే ఒక్క రూపాయి కూడా పంపొద్దు.

ఇల్లు నచ్చితే అక్కడి నుంచి హాస్పిటల్‌కు, బడికి రెండుసార్లు నడవండి, మధ్యాహ్నం 2 గంటలకు ఒకసారి, నైట్ డ్యూటీ దిగే టైంకు ఒకసారి. వీధి లైట్లు వెలుగుతున్నాయా, మోరీల మీద బండలు సక్కగున్నాయా, కుక్కలు వెంటపడుతున్నాయా అన్నది మ్యాపులో కనబడదు. ఎండాకాలంలో చిన్నపిల్లతో అర కిలోమీటరు దాటితే రోజూ నడవలేరు.

ఇంక నీళ్లు. మన జిల్లాలో గదులకంటే ముందు చూడాల్సింది ఇదే. “బోరు ఉంది, నీళ్లకు కరువు లేదు” అని ఓనర్ అంటే సంతోషపడి ఊరుకోవద్దు. బోరు వాడకానికి పనికొస్తుంది. తాగడానికి, అన్నం పప్పు వండడానికి నల్లా నీళ్లే కావాలి. మన వైపు బోరు నీళ్లలో ఉండే ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. బకెట్‌కు తెల్లటి పొర పట్టడం, సబ్బు నురగ రాకపోవడం కాఠిన్యానికి గుర్తులే తప్ప ఫ్లోరైడ్‌కు కావు, కాబట్టి నీళ్లు తేటగా ఉన్నంత మాత్రాన నమ్మొద్దు. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 వరకు అని ప్రమాణం. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు పళ్ల పింగాణీ తయారవుతూ ఉంటుంది, అప్పుడు ఎక్కువైతే పళ్ల మీద మచ్చలు జీవితాంతం ఉంటాయి. అందుకే పాపకు ఈ విషయంలో రాజీ పడొద్దు.

నల్లా ఈ పోర్షన్‌కు విడిగా ఉందా, ఏ రోజుల్లో వస్తుంది, ఎంతసేపు వస్తుంది అని పక్కింటివాళ్లను అడగండి. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన ఇంట్లో ముగ్గురుంటే 400 కావాలి. పైన 1,000 లీటర్ల సింటెక్స్ ఒక్కటే ఉండి మూడు కుటుంబాలు వాడుతుంటే పూటపూటకూ మోటరు వేయాలి, ఆ మోటరు కరెంటు ఎవరి మీటర్ మీద పోతుందో అప్పుడే తేల్చుకోండి.

మీటర్ సంగతి ఇంకా ముఖ్యం. పోర్షన్‌కు సొంత మీటర్ ఉన్న ఇల్లే తీసుకోండి, ఓనర్ మీటర్ నుంచి తీసిన సబ్ మీటర్ వద్దు. 2022లో వచ్చిన రేట్ల ప్రకారం నెలకు 110 యూనిట్లు కాలిస్తే మొదటి వందకు 3.40, మిగతా పదికి 4.80 చొప్పున 388 రూపాయలు. అట్లాంటి రెండు పోర్షన్లు ఒకే మీటర్ మీదుంటే 220 అవుతుంది, 200 దాటింది కాబట్టి మొదటి యూనిట్ నుంచే 5.10 పడుతుంది, పై ఇరవైకి 7.70. మొత్తం 1,174. విడివిడిగా అయితే ఇద్దరికీ కలిపి 776 అయ్యేది. ఫిక్స్‌డ్ చార్జీల వంటివి దీనికి అదనం. మీకు తెల్ల రేషన్ కార్డు ఉంటే నష్టం ఇంకా పెద్దది. గృహజ్యోతి (నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు పథకం) కిందికి కిరాయిదారులు కూడా వస్తారు, కానీ మీటర్ 200 యూనిట్లు దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి. పాత కరెంటు బిల్లు ఒకటి అడిగి తీసుకోండి. దాని మీద యూఎస్‌సీ నంబర్ (ఆ కరెంటు కనెక్షన్ నంబర్), పాత బకాయి రెండూ ఉంటాయి. ఆ నంబర్‌కు ముందున్న కిరాయిదారు కార్డు జోడించి ఉంటే మార్పించుకోవాలి, లేకపోతే మీకు వర్తించదు.

పై అంతస్తు అయితే రాత్రి 8 గంటలకు పోయి పడమటి గోడ మీద అరచెయ్యి పెట్టండి. అప్పటికీ వేడి తగిలితే ఎండాకాలం అర్ధరాత్రి దాకా ఆ గదిలో నిద్ర పట్టదు. మార్చిలోపు స్లాబ్ మీద తెల్ల సున్నం రెండు పూతలు వేయిస్తారా అని అడగండి, ఖర్చు తక్కువ కాబట్టి చాలామంది ఒప్పుకుంటారు.

అగ్రిమెంట్ 11 నెలలకు రాసుకుంటారు. ఇంటి పన్ను రసీదు మీద పేరు, సంతకం పెట్టే ఓనర్ పేరు ఒకటేనా చూడండి. అడ్వాన్స్ ఎంత, ఖాళీ చేస్తే ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, రంగులకు ఎంత కోస్తారు అన్న మూడూ అందులో ఉండాలి. గొడవలు ఎక్కువగా వచ్చేది ఆ రంగుల దగ్గరే. చేరిన రోజే గోడలు, నల్లాలు, మీటర్ రీడింగ్ ఫొటోలు తీసి ఓనర్‌కు వాట్సాప్‌లో పంపండి.