ఉత్తరాలు తీసెయ్

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ కథ రెండుసార్లు చదివాను. సింగపూర్ యుద్ధఖైదీ తన భార్యకు రాసే ఉత్తరాలున్నాయి చూశావూ, పేచీ అక్కడే. ఒక్కోటి రెండు పేజీలు, నిండా విరహం. ఆ క్యాంపులో సెన్సారువాడు సెలవు పెట్టాడా?

అక్కడ నిజంగా జరిగింది విను. 1942 ఫిబ్రవరి 15న బ్రిటిష్ సైన్యం జపాన్‌కు లొంగిపోయింది. సైనికులను అక్కడి చాంగీ అనే చోట బ్యారక్‌లలో ఉంచారు. దాదాపు 400 మంది ఆడవాళ్లను, పిల్లలను చాంగీ జైల్లో పెట్టారు. ఒకరు బతికున్నట్టు ఇంకొకరికి కబురందే దారి లేదు. ఆ జైల్లోనే ఉన్న, కెనడా నుంచి వచ్చిన ఎథెల్ మల్వనీ అనే ఆవిడ ఓ ఉపాయం పన్నింది. ఆస్పత్రిలో ఉన్న గాయపడ్డ సైనికులకు బొంతలు కుట్టి పంపుదాం అంది. బొంతకు 66 ముక్కలు. ఒక్కొక్కరికి ఓ గుడ్డముక్క ఇచ్చి, తోచిన బొమ్మ కుట్టి కింద పేరు కూడా కుట్టమంది. కాపలావాడికి అది ఆడవాళ్ల కుట్టుపని. మంచం మీదున్న మొగుడికి మాత్రం ఆ పేరు కనబడితే చాలు, పెళ్లాం బతికే ఉందన్నమాట.

ఓ బొంత జపాన్ సైనికుల కోసం కూడా కుట్టారు. పైవాళ్లు అడ్డుపడకుండా అనుకో. నీ నాయిక ఆ పని చేస్తుందా? చెయ్యదు. ఆత్మగౌరవం పేరు చెప్పి ఆ పిల్లను బిగుసుకుపోయేలా చేశావు.

ఆస్ట్రేలియా సైనికుల బొంత వెనక, యుద్ధం ముగిశాక దీన్ని ఆస్ట్రేలియా రెడ్‌క్రాస్‌కు ఇవ్వమని రాసి, దీన్ని డ్రై క్లీనింగ్ చేయిస్తే మంచిదని కూడా చేర్చారు. ఎప్పుడు బయటపడతామో తెలియని మనుషుల మాట ఇది! ఈ ఒక్క వాక్యానికి నీ ఉత్తరాలన్నీ ఇచ్చేస్తాను.

అందుకే అవి తీసెయ్. తర్వాత్తర్వాత ఖైదీలకు ఇంటికి కార్డు వేసే వీలు దొరికింది కానీ, చాలావాటి మీద ‘నా ఆరోగ్యం బాగుంది’ లాంటి మాటలు ముందే అచ్చేసి ఉండేవి. మీవాడికి అలాంటి కార్డు ఒకటి ఇవ్వు. మలేరియాతో వణుకుతూ ఆ మాట కింద సంతకం పెట్టనీ. వాడి చెయ్యి ఎక్కడ ఆగిందో రాయి, ఎందుకాగిందో రాయకు.

సంక్రాంతి లోపు పంపితే తీరిగ్గా చదువుతాను.

ఇట్లు,
మీ మాస్టారు